ఒంటిపూట బడి, నిండుపూట పనులు

మార్చి మొదటి వారం నుంచి ఏప్రిల్ నాలుగో వారం దాకా ప్రైమరీ పిల్లలున్న ఇళ్లలో ఎవరికీ తీరిక ఉండదు. హోలీ, ఒంటిపూట బడులు, ఉగాది, ఆఖరి పరీక్షలు, ఫలితాల రోజు తల్లిదండ్రుల మీటింగ్ అన్నీ ఈ ఏడెనిమిది వారాల్లోనే పడతాయి. ఈసారి హైదరాబాద్ పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలు కూడా వీటి గురించే. చదువుతుంటే ఒకటి కనిపించింది: చిక్కుల్లో చాలావరకు వేళ తప్పడం వల్ల వచ్చినవే. అందుకే తేదీలు, గంటలు, కొలతలు విడవకుండా ఇస్తున్నాం.

ప్రశ్న: మా బాబు రెండో తరగతి. ఒంటిపూట బడులు మొదలైతే 12.30కి వదులుతారు. బడి వ్యాన్ ఇల్లు చేరేసరికి 1.15 అవుతుంది. దిగేటప్పటికి మొహం ఎర్రగా కందిపోయి, తలనొప్పి అంటాడు. టిఫిన్ డబ్బా కూడా సగం తిరిగొస్తుంది. ఏం చేయాలి? (ఒక తల్లి, ఉప్పల్)

జవాబు: తెలంగాణలో మార్చి మధ్య నుంచి బడి ఉదయం 8 నుంచి 12.30 దాకా. పిల్లల్ని ఎండ నుంచి కాపాడడానికే ఈ ఏర్పాటు. కానీ ఒక సంగతి చాలామంది గమనించరు. హైదరాబాద్‌లో మార్చి మధ్యలో సూర్యుడు అన్నిటికన్నా ఎత్తుకు వచ్చేది సరిగ్గా 12కి కాదు, 12.25 ప్రాంతంలో. అంటే బడి గేటు తెరిచే వేళకు ఎండ నేరుగా నెత్తిమీదే ఉంటుంది. అందుకని జాగ్రత్త పడాల్సింది ఆ ముప్పావుగంట గురించే.

మొదటి తప్పు వ్యాన్ దగ్గర జరుగుతుంది. ఎండలో తలుపులు మూసి నిలిపిన బండి లోపల పది నిమిషాల్లోనే వేడి దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. పిల్లలు ఎక్కడానికి కనీసం పది నిమిషాల ముందు అన్ని తలుపులూ కిటికీలూ తెరిచి ఉంచమని, వీలైతే చెట్టు నీడన ఆపమని డ్రైవర్‌కు చెప్పండి. ఒక్కరు చెబితే చెవికెక్కదు. ఆ వ్యాన్‌లో వచ్చే పిల్లల తల్లిదండ్రులంతా కలిసి ఒకసారి చెబితే వింటారు. రెక్సిన్ సీటు కాలిపోతూ ఉంటుంది కాబట్టి బ్యాగులో ఒక నూలు తువాలు పెట్టండి. కూర్చునేటప్పుడు కింద వేసుకుంటాడు, దిగేటప్పుడు తలమీద కప్పుకుంటాడు.

రెండోది నీళ్లు. సీసా నిండుగానే తిరిగొస్తుంటే పిల్లవాడు తాగడం మరిచిపోతున్నాడని అర్థం. ఆటలో ఉన్న పిల్లలకు దాహం తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. 9, 10.30, 12 గంటలకు తరగతిలో అందరూ సీసా మూత తీసేలా ‘నీళ్ల గంట’ కొట్టమని టీచర్‌ను అడగండి. ఒక్కోసారి నాలుగైదు గుక్కలు చాలు. బడి వదిలాక వ్యాన్ ఎక్కే ముందు తాగడం మాత్రం తప్పనిసరి చేయండి.

ఇక డబ్బా. ఉదయం ఆరున్నరకు వేడివేడిగా పెట్టి మూత బిగిస్తే లోపల ఆవిరి నీరై దిగుతుంది. పదిన్నరకు తెరిచేసరికి జిగురు, వాసన. అన్నమైనా ఉప్మా అయినా పళ్లెంలో ఆరబెట్టి, పూర్తిగా చల్లారాకే సర్దండి. కొబ్బరి చట్నీ మాత్రం ఈ రెండు నెలలూ వద్దు, ఎండ వేడికి అన్నిటికన్నా ముందు పాడయ్యేది అదే. నిమ్మకాయ పులిహోర, ఇడ్లీకి కారప్పొడి, అటుకులు నిలుస్తాయి. పెరుగన్నం పెట్టాలంటే అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక చెంచా పెరుగు కలిపి పంపండి. తినే వేళకు పులుపెక్కకుండా తోడుకుని ఉంటుంది. పదిన్నరకు తినేది చిరుతిండే కాబట్టి డబ్బా చిన్నదే చాలు. అసలు భోజనం ఇంటికొచ్చాక. ప్రభుత్వ బడిలోనైతే 12.30కి మధ్యాహ్న భోజనం పెడతారు, అది తినే రమ్మనండి.

ఇంకో మాట. పదో తరగతి పరీక్షలకు సెంటర్ పడిన బడుల్లో పరీక్ష రోజుల్లో వేళలు తిరగబడతాయి. చిన్న తరగతులకు మధ్యాహ్నం 1 నుంచి 5 దాకా బడి నడుపుతారు. మీ బడికి సెంటర్ పడిందో లేదో మార్చి మొదట్లోనే కనుక్కోండి.

ప్రశ్న: ఎండ రోజుల్లో డబ్బాల్లో వచ్చే ఓఆర్‌ఎస్ డ్రింకులు రోజూ ఇవ్వొచ్చా? పిల్లలు ఇష్టంగా తాగుతారు. (ఒక తండ్రి, కూకట్‌పల్లి)

జవాబు: ఇవ్వొద్దు. వాటిలో చాలావాటికి ఓఆర్‌ఎస్ అన్న పేరే తప్ప ఆ కొలతలు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం పొడి ప్యాకెట్ 20.5 గ్రాములు, లీటరు నీటికి. అందులో గ్లూకోజ్ 13.5 గ్రాములే. తియ్యటి డ్రింకుల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. విరేచనాలప్పుడు అంత చక్కెర పేగుల్లోకి నీటిని ఇంకా లాగి జబ్బును ముదిరేలా చేస్తుంది. మన నగరానికే చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ కొలతలు పాటించని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడకూడదని ఆదేశించింది.

ఆడి చెమట పట్టిన పిల్లలకు నీళ్లు, చిటికెడు ఉప్పేసిన పల్చటి మజ్జిగ చాలు. వాంతులు, విరేచనాలు ఉంటే అసలైన ఓఆర్‌ఎస్ పొడి. ప్యాకెట్ మొత్తాన్ని ఒకేసారి లీటరు నీటిలో కలపాలి. సగం పొడి, అర లీటరు అని కళ్లంచనాతో కలిపితే ఉప్పు ఎక్కువో తక్కువో అవుతుంది. కలిపినది 24 గంటల్లో వాడేయాలి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన చిన్న చెంచాలతో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. పిల్లవాడు మత్తుగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా ఇంటి వైద్యాలు చేస్తూ కూర్చోవద్దు. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

ప్రశ్న: హోలీకి మా బడిలో మోదుగ పూల రంగు చేయాలనుకున్నాం. పోయినసారి చేస్తే మట్టి రంగులో వచ్చింది, మర్నాటికి వాసన కూడా కొట్టింది. ఎక్కడ తప్పు జరిగింది? (ఒక ఉపాధ్యాయిని, హయత్‌నగర్)

జవాబు: రంగు చెడడానికి మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది. మోదుగ పువ్వును చేతిలోకి తీసుకుని చూడండి. చిలుక ముక్కులా వంగిన నారింజ రంగు రేకులు, వాటి అడుగున ముఖమల్ గుడ్డలా నల్లగా, మెత్తగా ఉండే తొడిమ గిన్నె. పువ్వును అలాగే వేసి మరిగిస్తే ఆ నల్ల గిన్నెలోంచి దిగే వగరు రంగును మసకబారుస్తుంది. రేకులు మాత్రమే లాగి తీయాలి. ఇది పిల్లలు ఎంతో ఇష్టంగా చేసే పని, వాళ్లకే వదిలేయండి. రెండోది పాత్ర. ఇనుప మూకుడులో కాచితే పూలలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. స్టీలు గిన్నెగానీ మట్టి కుండగానీ వాడండి. మూడోది, వాడి గోధుమ రంగుకు తిరిగిన పూలు ఏరడం. చెట్టు కింద పొద్దున్నే రాలినవి ఏరుకోవాలి. కొమ్మలు విరవొద్దు.

కొలత ఇలా: 250 గ్రాముల తాజా రేకులకు 2 లీటర్ల నీళ్లు. ఎండినవైతే 100 గ్రాములు చాలు, వనమూలికల దుకాణాల్లో దొరుకుతాయి. సన్న మంట మీద పావుగంట మరిగించి, దించి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున పల్చటి గుడ్డలో వడకడితే నిమ్మపండు పసుపుకూ నారింజకూ మధ్య రంగు వస్తుంది. సున్నం చిటికెడు వేస్తే ఎరుపు తిరుగుతుందని పెద్దలు చెబుతారు. నిజమే, క్షారం తగిలితే ఈ రంగు ముదురుతుంది. అది బట్టలకు అద్దే రంగుకు పనికొచ్చే కిటుకు. పిల్లల కళ్లలో పడే నీటిలో సున్నం వేయొద్దు, ఒక్క చిటికెడు కూడా. రంగు ముదురుగా కావాలంటే నీళ్లు తగ్గించండి.

వాసన సంగతి: పూల నీళ్లు మార్చి వేడికి ఒక్క రోజులో పులుస్తాయి. హోలీ ముందురోజు సాయంత్రం కాచి, మర్నాడు పొద్దున్నే ఆడేయాలి. ముందే చేయక తప్పకపోతే ఫ్రిజ్‌లో రెండు రోజులు, అంతే.

పొడి రంగు కావాలంటే కిలో మొక్కజొన్న పిండిలో ఒక గ్లాసు చిక్కటి పూల నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ చేత్తో నలపండి. ముద్ద కాకూడదు, పుట్టు పిండిలా విడివిడిగా ఉండాలి. నీడలో ఆరబెట్టి జల్లించండి. పిండి కాబట్టి వారం ఉంచితే పురుగు, బూజు. అరకిలో శనగపిండికి 50 గ్రాముల పసుపు కలిపితే మంచి పసుపు రంగు. దీనితో ఒక తమాషా ఉంది: మరక మీద సబ్బు పడగానే ఎర్రబడుతుంది. తల్లులు కంగారు పడతారు గానీ అదేమీ పాడవడం కాదు, పసుపు గుణమే అంత. నీళ్లతో జాడించి ఎండలో ఆరేస్తే రెండు మూడు ఉతుకుల్లో వెలిసిపోతుంది. పిల్లలకు ఇదే ఒక సైన్స్ పాఠం. ఆయాసం ఉన్న పిల్లల్ని మాత్రం పొడి రంగుల దగ్గరికి రానివ్వకండి, వాళ్లకు తడి రంగే ఇవ్వండి. కంట్లో రంగు పడితే నలపనివ్వకుండా, ధారగా మంచినీళ్లు పది పదిహేను నిమిషాలు పోయాలి.

ప్రశ్న: తరగతిలో ప్రతి పిల్లకూ ఒక తొట్టి ఇచ్చి బెండ, తోటకూర గింజలు నాటించాం. తోటకూర అసలు మొలవలేదు. బెండ మొలిచింది గానీ కాయలు చూడకముందే సెలవులొచ్చి ఎండిపోయింది. పిల్లలు చాలా బాధపడ్డారు. (తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలు, మియాపూర్)

జవాబు: బెండ విషయంలో తప్పు క్యాలెండర్‌ది. గింజ వేసిన 45 రోజులకు గానీ బెండ కాపు మొదలుకాదు. మార్చి మధ్యలో నాటితే మొదటి కాయ ఏప్రిల్ చివర, సరిగ్గా బడి మూసే వారం. బడి తొట్టికి వసంతంలో తోటకూరను మించింది లేదు. మార్చి 5లోపు చల్లితే ఏప్రిల్ మొదటి వారంలో కోతకు వస్తుంది. తాము పెంచిన ఆకును పిల్లలు స్వయంగా కోసి ఇంటికి పట్టుకెళ్లి పప్పులో వేయించుకుంటారు. ఆ ఆనందం బెండ మొక్క ఆకులు చూసి సరిపెట్టుకోవడంలో ఎక్కడిది?

తోటకూర మొలవకపోవడానికి నూటికి తొంభైసార్లు లోతే కారణం. గింజ ఆవగింజలో సగం కూడా ఉండదు. పిల్లలు వేలితో గుంట చేసి అందులో వేస్తారు. ఆ లోతు నుంచి పైకి వచ్చే సత్తువ దానికి ఉండదు. చిటికెడు గింజలను పిడికెడు ఇసుకతో కలిపి పైపైన చల్లించండి. ఆపైన జల్లించిన మన్ను గింజ కనబడనంత మందంగా, అంటే అర సెంటీమీటరు కన్నా తక్కువ చల్లి, అరచేత్తో మెల్లగా అదమాలి. చెంబుతో నీళ్లు పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. సీసా మూతకు పెద్దవాళ్లు వేడి సూదితో పది చిల్లులు పెట్టి ఇస్తే చక్కటి జల్లు వస్తుంది. మొలకెత్తేదాకా, అంటే నాలుగైదు రోజులు, పైమన్ను ఆరకూడదు. పొద్దున ఒకసారి, బడి వదిలే ముందు ఒకసారి తడపండి.

మట్టి: రెండు వంతుల ఎర్రమన్ను, ఒక వంతు వర్మీకంపోస్టు, ఒక వంతు కొబ్బరి పీచు పొడి. నల్లరేగడి ఒక్కటే వేస్తే ఆరి పెంకు కట్టి మొలకను పైకి రానివ్వదు. డబ్బా అడుగున మూడు నాలుగు చిల్లులు తప్పక ఉండాలి. మరో దొంగ చీమ. చల్లిన రాత్రే గింజలు ఎత్తుకుపోతుంది. మొదటి నాలుగు రోజులు తొట్టిని నీళ్ల పళ్లెంలో రెండు రాళ్ల మీద నిలబెట్టండి. ఆ తర్వాత పళ్లెం తీసేయాలి, లేకపోతే దోమలు.

పన్నెండో రోజున మొక్కల మధ్య రెండు వేళ్ల సందు ఉండేలా పీకేయండి. పీకిన చిన్న మొక్కలూ కూరకు పనికొస్తాయి. ఆకు అడుగున తెల్లటి పొక్కుల్లాంటి మచ్చలు వస్తే అది తెల్లమచ్చ తెగులు. ఆ ఆకులు తుంచి పారేయండి, మందు కొట్టొద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైంది చివర చెబుతున్నాం. దుకాణం గింజలు గులాబీ రంగులోనో నీలం రంగులోనో ఉంటే వాటికి తెగులు మందు పూసి ఉంటుంది. పిల్లల చేతికి ఇవ్వకూడదు. మందు పూయని గింజలు అడిగి తీసుకోండి. ఆదివారాలు, ఉగాది సెలవుల్లో ఎవరు నీళ్లు పోస్తారో పేర్లు రాసి గోడకు అంటించండి. ఏప్రిల్ ఎండకు రెండు రోజులు మరిచిపోతే చాలు, తొట్టి పోతుంది.

ప్రశ్న: ఉగాది ముందురోజు బడిలో 40 మంది పిల్లలకు పచ్చడి చేయాలి. మన తెలంగాణ పద్ధతిలో తాగేలా పల్చగా ఉండాలి. కొలతలు చెబుతారా? (ఒక అమ్మమ్మ, మలక్‌పేట)

జవాబు: తలా చిన్న గ్లాసు, అంటే 60 మిల్లీలీటర్ల లెక్కన రెండున్నర లీటర్లు కావాలి. కొత్త చింతపండు 100 గ్రాములు, బెల్లం 400 గ్రాములు, రెండు లీటర్ల నీళ్లు, మధ్యరకం మామిడికాయలు 2, అరటిపండ్లు 3, వేపపువ్వు 2 పెద్ద చెంచాలు, ఉప్పు ఒకటిన్నర చిన్న చెంచా, మిరియాల పొడి ఒక చెంచా, పుట్నాలు 100 గ్రాములు, అర చిప్ప కొబ్బరి.

పచ్చడి పొయ్యి ఎక్కదు కాబట్టి నీళ్లు కాచి చల్లార్చినవే వాడాలి. చింతపండును అరలీటరు గోరువెచ్చటి నీటిలో అరగంట నానబెట్టి పిసికి వడకట్టండి. బెల్లాన్ని విడిగా కరిగించి వడకట్టండి, ఇసుక, చెరకు పీచు తప్పక దిగుతాయి. రెండూ కలిపి మిగిలిన నీళ్లు పోసి ఉప్పు, మిరియాలు వేసి ఒకసారి రుచి చూడండి. ఈ దశలో తీపి కాస్త ఎక్కువ అనిపించాలి. మామిడి, వేప పడ్డాక సరిపోతుంది. మామిడికాయ ముచ్చిక కోసి, సొన పూర్తిగా కారనిచ్చి, కడిగాకే తరగాలి. సొన తగిలితే పిల్లల పెదాల చుట్టూ పుండ్లు పడతాయి.

వేపపువ్వు పంచడానికి అరగంట ముందు వేయండి. పొద్దున్నే వేసి ఉంచితే చేదంతా నీటిలోకి దిగి పిల్లలు మొదటి గుక్కకే ఉమ్మేస్తారు. పువ్వు కోసం చెట్టు కింద శుభ్రమైన బట్ట పరిచి కొమ్మను మెల్లగా ఊపితే చాలు. పుల్లలు ఏరి, చేటలో చెరిగి రేకులు తీసుకోవాలి. ఒక హెచ్చరిక: 2021 నుంచి మన దగ్గర వేపచెట్లకు కొమ్మలు ఎండిపోయే తెగులు విపరీతంగా వచ్చింది. కొన్ని చోట్ల మందులు పిచికారీ చేశారు. మందు కొట్టిన చెట్టు పువ్వు, రోడ్డు పక్క దుమ్ము పట్టిన పువ్వు వద్దు.

కొత్త కుండను ముందురోజే నీళ్లు నింపి రాత్రంతా ఉంచండి. లేకపోతే మట్టి వాసన వస్తుంది, పచ్చడిని కుండే పీల్చేస్తుంది. కుండ లేకపోతే స్టీలు. పులుపు కాబట్టి ఇత్తడి, రాగి, అల్యూమినియం పనికిరావు. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు పుట్నాలు, కొబ్బరి ముక్కలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. వాళ్ల వంతుకు రెండూ దంచి వేయండి. కలిపిన మూడు గంటల్లో పంచేయాలి, ఆ తర్వాత పులిసి నురుగు కడుతుంది.

2026లో ఉగాది మార్చి 19న, పరాభవ నామ సంవత్సరం. అవి రంజాన్ నెల చివరి రోజులు కూడా. తరగతిలో ఉపవాసం ఉన్న పిల్లలుంటే అందరి ముందూ తాగమని బలవంతపెట్టకుండా, వాళ్ల వంతుగా బెల్లం, మామిడి ముక్కలు, పుట్నాలు పొడిగా పొట్లం కట్టి ఇవ్వండి. ఇఫ్తార్ వేళకు ఇంట్లో అందరూ రుచి చూస్తారు.

ప్రశ్న: పిల్లలు పిట్టలకు నీళ్లు పెడుతున్నారు. దోమలు వస్తున్నాయని పక్కింటివాళ్లు గొడవ. (బోడుప్పల్)

జవాబు: పక్కింటివాళ్ల మాటలో నిజముంది. దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి ఎండాకాలంలో వారం, పది రోజులు చాలు. నీళ్లు పైపైన నింపుతూ పోతే గుడ్లు గిన్నె అంచుకే అంటుకుని ఉంటాయి. రోజూ పారబోసి, రెండు రోజులకొకసారి కొబ్బరి పీచుతో అంచులు రుద్దాలి. సబ్బు వద్దు. రెండంగుళాల లోతున్న వెడల్పాటి మట్టి మూకుడు తీసుకుని, మధ్యలో పిట్ట నిలబడడానికి ఒక రాయి పెట్టండి. మార్చి 20 ప్రపంచ పిచ్చుకల దినం. ఆ రోజుకు గూడు పెట్టె చేయాలనుకుంటే ద్వారం 32 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకన్నా పెద్దదైతే వేరే పక్షులు చొరబడతాయి. ద్వారం ముందు పుల్ల బిగించొద్దు, అది కాకికి ఆసరా. ఎనిమిది పదడుగుల ఎత్తులో, పడమటి ఎండ తగలని గోడకు కట్టండి.

ప్రశ్న: మనవడు మూడో తరగతి. ‘బడి’, ‘పలక’ చదువుతాడు, ఒత్తులు రాగానే ఆగిపోతాడు. ఒంటిపూట బడుల్లో మధ్యాహ్నం నేర్పిద్దామనుకుంటున్నా. (ఒక తాతయ్య, సీతాఫల్‌మండి)

జవాబు: భోజనం కాగానే వద్దు, పడుకుని లేచాక నాలుగు గంటలకు పావుగంట చాలు. మొదటి వారం ఒకే అక్షరం ఒత్తు ఉన్న మాటలు: అక్క, గడ్డ, డబ్బా, ముద్ద. ఇక్కడ ఒత్తు చూడ్డానికి అసలు అక్షరంలాగే ఉంటుంది కాబట్టి తొందరగా వస్తుంది. రెండో వారం రూపం పూర్తిగా మారిపోయే ఆరు ఒత్తులు: త, న, మ, య, ర, ల. వీటిని అట్టముక్కల మీద రాసి జతలు కలిపించండి. మూడో వారం వేర్వేరు అక్షరాలు కలిసినవి.

పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘చార్మినార్’ను గుండ్రంగా, పెద్దగా, తలకట్ల గీతలు కనిపించేలా రాసి చూపించండి. ‘ర్మి’లో గుడి ర మీద ఉంటుంది, మ కిందికి దిగి ఒత్తవుతుంది. కంటికి కనిపించినట్టు చదివితే ‘రిమ’ అవుతుంది. పైన గుడి ఎక్కడున్నా దాన్ని పలికేది కింది అక్షరంతోనేనని, పై అక్షరం గొంతు సగంలో ఆగిపోతుందని చెప్పండి. ర మీద గుడిని వేలితో మూసి ‘ర్’ అనిపించి, వేలు తీసి ‘మి’ అనిపించండి. పదిసార్లు చేస్తే పట్టుబడుతుంది. ఆ తర్వాత సాయంత్రం బస్ స్టాప్‌కు తీసుకెళ్లి బస్సుల నుదుటి మీది పేర్లు చదివించండి. ఎర్రగడ్డ, కొత్తపేట, చార్మినార్, అన్నీ ఒత్తుల పాఠాలే. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడి అయినా తెలుగు తప్పనిసరి. ఈ గట్టి పునాది పైతరగతుల్లోనూ అక్కరకొస్తుంది.

ప్రశ్న: ప్రైవేటు బడి నుంచి మా కాలనీ ప్రభుత్వ బడికి మార్చాలనుకుంటున్నాం. టీసీ ఇవ్వడానికి తిప్పుతున్నారు. అడ్మిషన్ పోతుందా? (అంబర్‌పేట)

జవాబు: పోదు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చేర్చుకోవడానికి టీసీ ఆలస్యం అడ్డు కాకూడదు. టీసీ వెంటనే ఇవ్వడం పాత బడి హెడ్‌మాస్టర్ బాధ్యత. ఏప్రిల్ 15లోపు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు తేదీ, ముద్ర వేయించుకోండి. సెలవులిచ్చాక ఆఫీసులో సంతకం పెట్టేవాళ్లు దొరకరు. బడి తెరిచేది జూన్‌లోనే.

ప్రశ్న: ఫలితాల తర్వాత పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్దామని. ఎండలో తిరగకుండా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు. గంటగంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం దగ్గర 12కి విపరీతమైన రద్దీ, చిన్నపిల్లలకు పెద్దల నడుములే కనిపిస్తాయి. 4 గంటలకు వెళ్తే నాలుగు దెబ్బలే, కానీ ముందు వరుస దొరుకుతుంది. పావుగంట ముందే నిలబడండి. జూకు వెళ్లాలనుకుంటే పొద్దున్నే, సోమవారం కాకుండా.

ప్రశ్న: నాలుగో తరగతి పాపకు సెలవుల ప్రాజెక్టు ఇచ్చారు. ఖర్చు లేకుండా, కొని తెచ్చి అతికించేది కాకుండా ఏదైనా చెప్పండి. (ఒక తల్లి, తార్నాక)

జవాబు: నీడ కొలవమనండి. మీటరు పొడవున్న నిటారు కర్ర, దారానికి కట్టిన నట్టు, టేపు, సుద్దముక్క చాలు. డాబా మీద చదునైన చోట ఇసుక నింపిన డబ్బాలో కర్ర గుచ్చి, నేల నుంచి కొన దాకా సరిగ్గా మీటరు ఉండేలా చూడండి. నట్టు దారాన్ని కర్ర పక్కన వేలాడదీసి, రెండు వైపుల నుంచి చూసి నిలువు సరిచేయాలి. కర్ర కాస్త వంగినా కొలతలన్నీ తప్పుతాయి. నీడను కర్ర మొదలు నుంచి కొలవాలి, డబ్బా అంచు నుంచి కాదు. వారానికొకసారి, 12.05 నుంచి 12.30 దాకా ఐదు నిమిషాలకొక గుర్తు పెట్టి, వాటిలో పొట్టి నీడను రాసుకోవాలి. టోపీ, చెప్పులు ఉండాలి. గుర్తుకూ గుర్తుకూ మధ్య మెట్ల నీడలో కూర్చోమనండి.

మార్చి 21న ఆ నీడ 31 సెంటీమీటర్లు ఉంటుంది. ఏప్రిల్ 15కి 13 సెంటీమీటర్లు. బడి మూసే వారానికి పది సెంటీమీటర్లు కూడా ఉండదు. సూర్యుడు ఉత్తరానికి జరుగుతూ మన అక్షాంశం 17.4 డిగ్రీల దగ్గరికి వస్తున్నకొద్దీ నీడ ఇలా కరిగిపోతుంది. మే 9న మధ్యాహ్నం 12.12కి పాపను డాబా మీదికి తీసుకెళ్లండి. మబ్బు లేకపోతే కర్రకు నీడే ఉండదు. మబ్బు పట్టిందా, ముందురోజు, మర్నాడు కూడా దాదాపు అదే కనిపిస్తుంది. ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు తిరిగి దక్షిణానికి వెళ్తూ ఇంకోసారి నెత్తిమీదికొస్తాడు. అప్పటికి పాప ఐదో తరగతిలో ఉంటుంది కాబట్టి కర్రను జాగ్రత్తగా దాచి ఉంచండి.